కమాన్ల మీద గడ్డపెరుగు

పోయిన వారం బెంజ్ సర్కిల్ దగ్గర ఎర్రలైటు పడింది. నా స్కూటరు ముందు ఒక తెల్లటి ట్రైలరు ఆగి ఉంది. సరుకులు మోసే ట్రైలరు కాదు. కిటికీలు, కిటికీలకు పూల తెరలు, వెనక తలుపు, తలుపు పక్కన బుల్లి దీపం. ఒక సంసారం పట్టే ఇల్లు రెండు చక్రాల మీద నిలబడి, ముందున్న కారు కొక్కేనికి తగులుకుని ఉంది. విజయవాడలో ఇలాంటిది కనబడితే ఎవరైనా ఫోను తీసి ఫొటో కొడతారు. నేను స్కూటరుకి స్టాండు వేసి, నడిరోడ్డు మీద మోకాళ్ళేసి, తల వంచి దాని అడుగు చూడటం మొదలుపెట్టాను.

పచ్చలైటు పడింది. నా వెనకున్న బళ్ళన్నీ ఏకకంఠంతో హారన్లు కొట్టాయి. ఆ చప్పుడుకి గన్నవరంలో దిగబోతున్న విమానం బెదిరి మళ్ళీ పైకి లేచిందని నా గట్టి నమ్మకం. ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చి ఏం పారేసుకున్నారని అడిగాడు. ఏమీ లేదండీ, కమాన్లు చూస్తున్నానని చెప్పాను. కారులోంచి కుర్ర దంపతులు దిగి, ఏమన్నా ఊడిపోయిందా అంకుల్ అని కంగారుపడ్డారు.

"ఏం ఊడలేదు బాబూ. ఇందులో ఎప్పుడైనా పెరుగు తోడుపెట్టి చూశారా?" అన్నాను.

ఆ అమ్మాయి మెల్లగా భర్త వెనక్కి జరిగింది. ఆ అబ్బాయి నన్ను చూసి, కానిస్టేబుల్ని చూసి, బండెక్కి వెళ్ళిపోయాడు. వాళ్ళ తప్పేం లేదు. వాళ్ళకి మా పళ్ళ డాక్టరుగారు తెలియదు.

ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు. మా ఇంటికి సరిగ్గా ఎదురిల్లు; కింద క్లినిక్కు, పైన కాపురం. అందరి చొక్కా జేబులో పెన్ను ఉంటే ఆయన జేబులో పంటి అద్దం ఉండేది. సన్నటి ఉక్కు కాడ, దాని చివర రూపాయి బిళ్ళకన్నా చిన్న గుండ్రటి అద్దం. దాంతో ఆయన చూడనిది ఈ భూమ్మీద లేదు. హోటల్లో ఇడ్లీని పైకెత్తకుండానే దాని అడుగు చూసేవారు. మామిడిపండ్ల బుట్టలో వరస కదపకుండా కింది పండ్లకి మచ్చలున్నాయో లేదో చెప్పేవారు. ఒక పెళ్ళిలో అక్షతలు వేయడానికి వెళ్ళి, వధూవరుల్ని వదిలేసి మండపం కింద కట్టిన కర్రల్ని అద్దంలో చూస్తూ ఉండిపోతే, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఆయన్ని కరెంటు మనిషనుకుని ఫ్యాను సంగతి చూడమన్నారు. ఆయన చూశారు కూడా.

అద్దంతో చూశాక దాని కాడతో టక్కున ఒక్కటి కొట్టి, "జివ్వుమంటోందా?" అని అడగడం ఆయన అలవాటు. పంటినే కాదు, దేన్నయినా. కాఫీ గ్లాసుని కొట్టి అడిగేవారు. ఎన్నికల ఫలితాల రోజున టీవీని కొట్టి అడిగారు. ఎవరైనా పోయిన ఇంటికి పరామర్శకు వెళ్ళినా, కొట్టడం మానేసి భుజం మీద చెయ్యివేసి అదే మాట అడిగేవారు. విచిత్రమేమిటంటే, అప్పటిదాకా బిగబట్టుకుని కూర్చున్నవాళ్ళు ఆ ఒక్క మాటకి భోరుమని ఏడ్చి తేలికపడేవారు.

ఆయనకి ఇంకో అలవాటుంది, అది ప్రమాదకరమైంది. నోట్లో దూది, గొట్టం, రెండు వేళ్ళు పెట్టాకనే ఆయన మనల్ని ప్రశ్నలడిగేవారు. మనం "ఆఁ" అంటే ఒప్పుకున్నట్టు. అంతకన్నా ఎక్కువ అనడానికి నోట్లో చోటుండదు. మా వీధిలో సగం మంది రక్తదానం ఆ కుర్చీలోనే ఒప్పుకున్నారు. ఒకాయన కూతురి సంబంధం ఖాయం చేసుకున్నాడు. నా దవడపన్నుకి సిమెంటు పూస్తూ ఒకరోజు, "తమ్ముడూ, రేపు తెల్లారి నాతో కంకిపాడుదాకా వస్తావుగా, పెరుగు పరీక్ష ఉంది" అన్నారు. నేను "ఆఁ" అన్నాను. అలా నేను చరిత్రలోకి ప్రవేశించాను.

చరిత్ర అంటే ఇది. ప్రాక్టీసు తగ్గించి, కుర్చీని ఒక జూనియర్ డాక్టరుకి అప్పజెప్పి, ఆయన హైదరాబాదు నుంచి ఒక చక్రాల ఇల్లు తెప్పించారు. అక్కడెవరో మోజుపడి కట్టించుకుని, మోజు తీరాక అమ్మేసిన బండి అది. ఆయన పాత జీపు వెనక తగులుకుని ఆ ట్రైలరు మా వీధిలోకి వస్తుంటే జనం తిరునాళ్ళకి కూడినట్టు కూడారు. లోపల మంచం, అలమర, గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కునే చోటు. బండి కదిలేటప్పుడు అందులో మనుషులెవరూ కూర్చోకూడదట, రూలు. అంతా జీపులో ఎక్కాలి. ఆగినచోట అది ఇల్లు. ఆయన తలుపు తెరిచి పట్టుకుని మేడ మీదకి చూశారు. పైన ఆయన భార్య, నేను అక్కయ్యగారూ అని పిలిచే ఆవిడ, పిట్టగోడ మీద మోచేతులాన్చి చూస్తున్నారు.

"ఏమోయ్, దిగు. హంసలదీవి వెళ్దాం" అన్నారాయన.

వీధంతా పైకి చూసింది. అక్కయ్యగారు తొందరపడలేదు.

"బయటి పెరుగు నేను తినను. పెరుగు లేందే అసలు తినను. మీ డబ్బాలో, దారిలో, నా పెరుగు తోడుకున్న రోజున చెప్పండి, వస్తాను" అని లోపలికి వెళ్ళిపోయారు.

మామూలు మొగుడైతే దాన్ని ఎగతాళి అనుకుని ఊరుకునేవాడు. ఈయన డాక్టరు. చీటీ రాసి చేతికిచ్చారనుకున్నారు.

ఆ ఎగతాళి వెనక సంగతి ఆయనే తర్వాత నాకు చెప్పారు. పెళ్ళయిన కొత్తలో కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు చూడాలని ఆవిడకి మహా సరదా. హంసలదీవి వెళ్దామండీ అని ప్రతి ఆదివారం అడిగేవారట. ప్రతి ఆదివారం ఎవడో ఒకడు బుగ్గ బూరెలా వాచి గుమ్మంలో నిలబడేవాడు. ఈ ఆదివారం కాదోయ్, పైవారం చూద్దాం అనేవారు ఈయన. ఎప్పుడో ఆవిడ అడగడం మానేశారు. ఆ మానేసిన సంగతి కూడా ఈయనకి చాలా ఏళ్ళకి గాని తెలియలేదు.

"అడగట్లేదు కదా, సరదా తీరిపోయిందేమో అనుకున్నాను. నా అంత పళ్ళ డాక్టరుకి ఆ మాత్రం తెలియొద్దూ? నరం చచ్చిపోయినా నొప్పి ఉండదు తమ్ముడూ. దాన్ని తగ్గడం అనరు" అన్నారు.

అందుకని పెరుగు తోడుకోవాలి. మొదటి పరీక్ష నేను "ఆఁ" అన్న మర్నాడు పొద్దున్నే జరిగింది. అక్కయ్యగారు తన స్టీలు గిన్నెలో గోరువెచ్చటి గేదెపాలు పోసి, చెంచాడు పెరుగు కలిపి, మూతపెట్టి, ట్రైలరు వెనకవైపు అలమరలో తనే పెట్టి వెళ్ళారు. ఆవిడ ముఖంలో నవ్వుందో లేదో చూద్దామని నేను ప్రయత్నించాను గాని, ఆవిడ అది చూడనివ్వరు. కంకిపాడు చేరి తలుపు తీస్తే, పాలు గిన్నెలో తప్ప అన్నిచోట్లా ఉన్నాయి. కప్పు మీంచి బొట్లు బొట్లుగా కారుతున్నాయి. మూత మంచం కింద దాక్కుంది. ఒక కిటికీ తెర పాలాభిషేకం చేయించుకుని పవిత్రంగా వేలాడుతోంది.

డాక్టరుగారు కంగారుపడలేదు. క్లినిక్కులోంచి తెచ్చుకున్న రబ్బరు గుడ్డ రోడ్డు పక్కన పరిచి, నుదుటికి లైటు కట్టుకుని, అద్దం పుచ్చుకుని వెల్లకిలా బండి కిందకి పాకారు. లోపలినుంచి అలవాటు కొద్దీ "నోరు బాగా తెరవండి" అన్న మాట వినబడింది. కాసేపు టకటకమని కొట్టిన చప్పుడు. తర్వాత, "కమాన్లు పుచ్చిపోయాయి తమ్ముడూ."

కమాన్లంటే ఇరుసు మీద విల్లులా వంచి, ఒకదానిమీద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలు. రోడ్డు కుదుపుని మింగేసి పైనున్నవాళ్ళని కాపాడేవి అవే. వాటి వైద్యానికి ఆటోనగర్ వెళ్ళాం. అక్కడ కమాన్లు కట్టే పెద్దాయన ఒకరున్నారు. అందరూ భాయ్ అంటారు. భారీ మనిషి, భారీ మీసం, అంతకన్నా భారీ మాట. ఆయన సుత్తి ఎత్తితే చుట్టుపక్కల షెడ్లవాళ్ళు టీ గ్లాసులు చేత్తో పట్టుకుంటారు. ట్రైలరు చుట్టూ ఒకసారి తిరిగి, ఈ పట్టీలు పిల్లల ఊయలకి కూడా పనికిరావని కొట్టిపారేశారు.

"నాకొదిలేయండి డాక్టర్ సాబ్. నేను కట్టాక ఇసుక నింపినా ఉలకదు."

"ఇసుక కాదు భాయ్. పెరుగు."

భాయ్ మీసం తడుముకున్నారు. "పెరుగు ఎన్ని టన్నులండీ?"

"అరలీటరు."

భాయ్ కాసేపు నా వంక చూశారు. నేను అవునన్నట్టు తలూపాను. ఆయన పనిలోకి దిగారు. డాక్టరుగారి మీద గౌరవం కొద్దీ, మామూలుగా వేసేదానికన్నా ఎక్కువ పట్టీలు వేసి కట్టేశారు. ఆటోనగర్లో గౌరవం చూపించే పద్ధతి అది. ఆ ఊరికి తెలిసిన బళ్ళన్నీ లారీలు. మోసేదాన్నిబట్టి పట్టీ, పట్టీనిబట్టి పరువు. తక్కువ వేస్తే డాక్టర్ని అవమానించినట్టు. ఆ మర్యాద ఫలితంగా మా చక్రాల ఇల్లు రెండో పరీక్షలో తాడు తెంపుకున్న దూడలా గెంతింది. రోడ్డు మీద నిమ్మకాయ తొక్క అడ్డమొచ్చినా గాల్లోకి లేచేది. బందరు కాలువ గట్టున నిలబడ్డ కొంగలు మమ్మల్ని చూసి, ఇదేదో తమకన్నా ఎత్తు ఎగిరేలా ఉందని తప్పుకున్నాయి. గిన్నె ఈసారి మంచం మీద దొరికింది, బోర్లా.

ఖాళీగా ఉంది కాబట్టి ఎగురుద్ది, బరువెయ్యండి అణుగుద్ది అన్నారు భాయ్. అది నిజమే. ట్రైలరు నిండా బియ్యం బస్తాలు సర్ది మైలవరందాకా వెళితే బండి రాజహంసలా నడిచింది. అంత అందంగా నడిచిన బండిని నేను చూడలేదు. పెరుగు ముప్పాతిక పాళ్ళు తోడుకుంది కూడా. డాక్టరుగారు గెలిచినంత సంబరంగా ఇంటిముందు ఆపి తలుపు తీశారు. అక్కయ్యగారు మెట్లు దిగి వచ్చి లోపలికి తొంగిచూశారు. మంచం మీద బస్తాలు, కింద బస్తాలు, పొయ్యి మీద బస్తాలు.

"పెరుగు కొంచెం జారుగా ఉంది, ఫరవాలేదు. మరి నేనెక్కడ పడుకోవాలి?" అన్నారావిడ.

ఆయన బస్తాల వైపు అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. ఆవిడ పైకి వెళుతూ, బియ్యాన్ని బాగా ఊరేగించారని మెచ్చుకున్నారు.

మర్నాడు మళ్ళీ ఆటోనగర్. ఈసారి డాక్టరుగారు ఒక సంచీ నిండా జంతికలు పట్టుకెళ్ళారు. పనిచేసేవాళ్ళంతా చుట్టూ చేరారు. ముందు భాయ్ ఒక సందేహం వెళ్ళబుచ్చారు, పక్కషెడ్లవాళ్ళ తరఫున కూడా. "ఒక మాటడుగుతా ఏమనుకోవద్దు డాక్టర్ గారూ. ఆ వెళ్ళేచోటికి వెళ్ళాకే తోడుపెట్టుకోవచ్చుగా?"

డాక్టరుగారి ముఖం చిన్నబోయింది. "సాయంత్రం చేరి తోడుపెడితే మర్నాటికి పెరుగు. మరి ఆ రాత్రి ఆవిడ భోజనం? అయినా పేషెంటు కుడిపక్కన అంటుంటే ఎడమపక్క పన్ను పీకుతానా భాయ్? ఆవిడ దారిలో అంది." అని, ఒక జంతిక తీసి ఇచ్చారు. "కొరుకు."

భాయ్ కొరికారు. షెడ్డంతా కరకరలాడింది.

"ఇనుములాంటి జంతిక, రాయిలాంటి పన్ను. తల అదిరిందా?"

"లేదండీ."

"ఎందుకు అదరలేదు?"

భాయ్ నమలడం ఆపి ఆలోచించారు. ఆ ప్రశ్న ఆయన్ని ఇన్నేళ్ళలో ఏ జంతికా అడగలేదు. అప్పుడు డాక్టరుగారు వివరించారు. పన్ను ఎముకలో మేకులా దిగగొట్టి ఉండదట. పంటికీ ఎముకకీ మధ్య సన్నటి మెత్తని పొర ఒకటి ఉంటుందట, దెబ్బంతా అదే మింగేస్తుందట. మన నోట్లో అన్ని పళ్ళకీ దేవుడు షాకబ్జర్లు పెట్టాడు, మరి మా ఆవిడ అలమరకి నువ్వు ఎందుకు పెట్టవు అని అడిగారు. పట్టీలు సగం తీసెయ్యాలన్నారు. పట్టీ కొస మేకుకి తగిలే ప్రతిచోటా ఇనుముకీ ఇనుముకీ మధ్య రబ్బరు ఉండాలన్నారు. పక్కన షాకబ్జర్లు నిలబెట్టాలన్నారు.

భాయ్‌కి అన్నీ నచ్చాయి, ఒక్కటి తప్ప. "వేసిందే గాని పట్టీ తీసిన చెయ్యి కాదండీ ఇది" అన్నారు, ఆ చేతిని చూపిస్తూ. దాని కోసం మధ్యాహ్నందాకా వాదన జరిగింది. జంతికలన్నీ అయిపోయాయి. చివరికి డాక్టరుగారు ఆ చేతిని పట్టుకుని, పన్ను పీకడం కూడా వైద్యమే భాయ్ అన్నారు. భాయ్ లేచి, సుత్తి తీసుకున్నారు. ఒక్కో పట్టీ తీసి పక్కన పెడుతుంటే ఆయన ముఖం చూడలేక నేను బయటికెళ్ళి టీ తాగాను. పట్టీల కొసలు గుండ్రంగా సానపట్టి, మధ్యలో నైలాను బిళ్ళలు పెట్టి, రబ్బరు బుష్‌లు దిగ్గొట్టి, షాకబ్జర్లు బిగించి, టైర్లలో గాలి తగ్గించి, ఆఖరుకి భాయ్ తనే వెనక బంపరెక్కి ఊగారు. అంత మనిషి ఊగితే బండి ఒక్కసారి వంగి, లేచి, ఆగిపోయింది. రెండోసారి ఊగలేదు. ఆ తర్వాత నుంచి ఆ షెడ్డులో రబ్బరు బుష్‌లని చిగుళ్ళు అంటున్నారు. మొన్న నేను అటు వెళితే, రెండు చిగుళ్ళు పట్రా అని భాయ్ అరుస్తుంటే ఒక లారీ డ్రైవరు తన మూతి తడుముకోవడం కళ్ళారా చూశాను.

అసలు పరీక్షకి పామర్రు ఎంచుకున్నాం. బందరు రోడ్డు మీద కాదు. డాక్టరుగారు పట్టుబట్టి కాలువ గట్ల మీదుగా, ఊళ్ళ మధ్యనుంచి, ట్రాక్టర్లు దున్నేసిన దార్లో తిప్పారు. ఎండాకాలం, తోడుకునే వేడి. బస్తా ఒక్కటి లేదు. గుంత కనబడితే ఆయన తప్పించేవారు కాదు, వెతుక్కుంటూ వెళ్ళి దింపేవారు. ప్రతి గుంటకీ నా ప్రాణం ఆ గిన్నెలో ఉంది. మధ్యలో ఆగి చూద్దామంటే ఒప్పుకోలేదు. కట్టు విప్పి చూస్తే పుండు మానదు, పెరుగూ తోడుకోదు అన్నారు.

పామర్రు దాటి, కోసిన చేల పక్కన ఆపాం. తలుపు తీశారు. అలమర తీశారు. గిన్నె పెట్టినచోటే ఉంది. మూత తీశారు.

పున్నమి చంద్రుడు. నేను పెంచి చెప్పడం లేదు. పెంచాల్సిన అవసరం లేని వస్తువు నా జీవితంలో నేను చూసింది అదొక్కటే. అంచునించి అంచుకి ఒక్క గీత లేదు. ఆయన అద్దం పెట్టి చుట్టూ చూశారు. కాడతో గిన్నెని మెల్లగా కొట్టారు. పెరుగు ఒక్క వణుకు వణికి నిలబడింది. అప్పుడాయన ఆ గిన్నెని రెండు చేతులా ఎత్తి, నన్ను కదలొద్దని, తీసుకొచ్చి నా తలమీద బోర్లించారు. నేను కళ్ళు మూసుకున్నాను. ఏమీ పడలేదు. కళ్ళు తెరిచి పైకి చూస్తే తెల్లటి ఆకాశం గిన్నెలో వేలాడుతోంది. ఇద్దరం ఆ చేలగట్టు మీద చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగాం. గడ్డి వేసుకుని వెళ్తున్న ట్రాక్టరు ఆగింది. డాక్టరుగారు ట్రాక్టరు డ్రైవరుకి గిన్నె చూపించి, కదిలే బండిలో తోడుకుందయ్యా అని చెప్పారు. అతను చాలాసేపు చూసి, మంచి పాలండీ అన్నాడు.

చెంచా పెట్టనివ్వలేదు. మొదటి చెంచా ఆవిడదే. వచ్చేటప్పుడు నున్నటి బందరు రోడ్డు మీద, పెళ్ళికూతుర్ని తెస్తున్నట్టు తెచ్చాం.

మా వీధి మలుపు తిరిగాం. ఇక ఇల్లు కనబడుతోంది. పిల్లలు ఆడుకునే వీధిలో బళ్ళు దూసుకుపోతున్నాయి, స్పీడు బ్రేకరు వెయ్యండని కాలనీ సంఘంలో ఏళ్ళ తరబడి పోరాడింది డాక్టరుగారే. మేం పామర్రులో ఉండగా వాళ్ళు వేసేశారు. రంగు లేదు, బోర్డు లేదు. ఆయన పోరాటానికి తగ్గట్టు బారుగా, ఎత్తుగా, చిన్న కొండపల్లి ఖిల్లాలా వేశారు. జీపు ఎక్కి దిగింది. వెనక ట్రైలరు ఎక్కి, ఎగిరి, దిగింది. ఏ చిగుళ్ళూ ఆపలేనంత దెబ్బ అది.

ఆయన బండి ఆపి స్టీరింగు మీద తలపెట్టుకున్నారు. తర్వాత దిగి, తలుపు తీసి, గిన్నె పట్టుకుని వచ్చారు. పెరుగు ముక్కలు ముక్కలై నీళ్ళలో తేలుతోంది. అక్కయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"తోడుకుందోయ్. పామర్రులో రాయిలా తోడుకుంది. ఇదిగో, వీడు సాక్షి" అన్నారాయన.

నేను ముందుకొచ్చి, పున్నమి చంద్రుడి దగ్గర మొదలుపెట్టి, నా తలమీద బోర్లించడం, ట్రాక్టరు ఆగడం, అంతా చెప్పాను. ఒక్కటి కల్పించలేదు. అక్కయ్యగారు నన్ను జాలిగా చూశారు.

"మొన్న ఆయన బండికి బెదిరి కొంగలు వలస పోయాయని చెప్పింది మీరేగా?" అన్నారు.

జీవితంలో ఒక్క రోజు నిజం చెబితే, ఆ నిజాన్ని కొనేవాళ్ళు లేకపోయారు. డాక్టరుగారు వాదించలేదు, ఇంకోసారి వెళ్ళొస్తాననలేదు. గిన్నె పట్టుకుని ఊరికే నిలబడ్డారు. అవతలివాళ్ళ జవాబు కోసం ఆగడమన్నది ఆయనకి తెలియని విద్య, ఆరోజు ఆగారు.

ఆవిడ గిన్నె అందుకుని వెలుతురులోకి వంచారు. చెంచా తెచ్చి ఒక ముక్కని ఎత్తి చూశారు. ఇంకో ముక్కని చూశారు. మేం ఎక్స్‌రే కోసం కాచుకున్న పేషెంట్లలా నిలబడ్డాం.

"తోడుకునేటప్పుడు కదిలితే నలకలు నలకలుగా ఉంటుంది, జిగటగా. ఇవి చూడండి, కత్తితో కోసినట్టున్నాయి అంచులు. నీరు కూడా తేటగా ఉంది" అన్నారావిడ. "ఇది గడ్డకట్టాకే పగిలింది."

తర్వాత లోపలికెళ్ళి ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి దాన్ని చిలికి మజ్జిగ చేసి ఇద్దరికీ చెరో గ్లాసు ఇచ్చారు. ఆయన తాగుతుంటే గ్లాసు పళ్ళకి తగిలి టకటకమంది. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి స్పీడు బ్రేకరు వంక చూసి, "అటువైపు సందులోంచి బయటపడొచ్చేమో చూడండి. ఈ ఆదివారం పోదాం" అన్నారు.

హంసలదీవికి నన్ను తీసుకెళ్ళలేదు. నా నోట్లో దూది లేదు కాబట్టి నేనూ పట్టుబట్టి అడిగాను. కుదరదన్నారు. అక్కడేం జరిగిందో అక్కయ్యగారు చెబితేనే తెలిసింది. సాయంత్రానికి చేరారు, గిన్నె తెరిచారు, ట్రైలరు మెట్టు మీద కూర్చుని పెరుగన్నం తిన్నారు. నది సముద్రంలోకి ఎక్కడ దూరుతోందో తెలియకుండా దూరుతోంది. ఆయన ఆవిడ భుజం మీద చెయ్యేసి, "జివ్వుమంటోందా?" అని అడిగారట.

"రోజుకి నాలుగుసార్లు వింటాను ఆ మాట. అడిగేసి లేచిపోవడమే ఎప్పుడూ. ఆరోజు మటుకు నేను చెప్పిందాకా కూర్చున్నారు" అన్నారావిడ. ఏం చెప్పారని నేనడగలేదు.

ఆ తర్వాత వాళ్ళు ఇంట్లో ఉన్న ఆదివారాలు తక్కువ. ఆయన బుద్ధిగా పక్కన కూర్చుని ఆవిడకి జీపు తోలడం కూడా నేర్పించారు, లేదా ఆవిడే నేర్చుకుని ఆయన నేర్పించినట్టు అనుకోనిచ్చారు. ప్రతి ప్రయాణానికి ముందూ రబ్బరు గుడ్డ, నుదుటి లైటు, అద్దం, నోరు బాగా తెరవండి. పోయిన వర్షాకాలంలో కన్నుమూసేదాకా ఆయన ఆ పని మానలేదు.

బెంజ్ సర్కిల్ నుంచి నేను ఇంటికి వెళ్ళలేదు, తిన్నగా ఎదురింటికి వెళ్ళాను. ఆ తెల్ల ట్రైలరు సంగతి, కుర్ర దంపతుల సంగతి, విమానం సంగతి చెప్పాను. ఆవిడ విమానాన్ని వదిలేసి, "వాళ్ళ కమాన్లకి షాకబ్జర్లున్నాయా?" అని అడిగారు. లేవన్నాను. పాపం అన్నారు.

తర్వాత అలమరలోంచి రబ్బరు గుడ్డ, దాంతోపాటు ఉక్కు కాడ ఉన్న ఆ బుల్లి అద్దం తెచ్చి నా చేతిలో పెట్టారు.

"పోయినసారి వెళ్ళొచ్చినప్పుడు పెరుగు ఒక పక్కన కొంచెం నీరొదిలిందండీ. కుడివైపు చిగురు అరిగిందేమో చూసిపెడతారా? ఈ ఆదివారం హంసలదీవి వెళ్ళాలి."

నేను ఇస్త్రీ చొక్కాతో వెల్లకిలా పడుకుని బండి కిందకి పాకాను. బొజ్జ ఇరుసుకి ఆనింది. అద్దం తిప్పితే అందులో ముందు నా ముక్కు, తర్వాత పట్టీలు, వాటి కొసన భాయ్ దిగ్గొట్టిన నల్లటి రబ్బరు కనబడ్డాయి. పైన ఎక్కడో అక్కయ్యగారి గాజుల చప్పుడు. ఆవిడ ఒంగి, బండిని టక్కున కొట్టి అడిగారు.

"జివ్వుమంటోందా?"

అడిగి, నేను చెప్పిందాకా అక్కడే ఉన్నారు.